గంటకు 19 మంది: ప్రమాద వార్త చదివాక మిగిలే పని

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర, చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు కాలిపోయింది. ప్రయాణికుల్లో 19 మంది చనిపోయారు. సరిగ్గా పది రోజులకు, నవంబర్ 3న, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. అక్కడా 19 మందే. రెండుసార్లూ టీవీల్లో అవే దృశ్యాలు రోజంతా తిరిగాయి, పరిహారాలు ప్రకటించారు, వారం తిరిగేసరికి వార్త లోపలి పేజీలకు వెళ్లిపోయింది. చూసినవాళ్లకు మిగిలింది గుండె బరువు, "మన చేతుల్లో ఏముందిలే" అన్న మాట.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022 సంవత్సరానికి రోడ్డు మరణాలు 1,68,491. ఏడాదిలోని గంటలతో భాగిస్తే గంటకు 19. అంటే చిన్నటేకూరు బస్సంత ప్రాణనష్టం ఈ దేశంలో ప్రతి గంటా జరుగుతోంది. కాకపోతే ఒక్కచోట కాదు. ఒకరు కోదాడ బైపాస్‌లో, ఇద్దరు అనకాపల్లి దగ్గర, ఇంకొకరు ఏ పేరూ లేని ఊరి మలుపులో. వాటికి జిల్లా పేజీలో నాలుగు లైన్లు దక్కుతాయి: "ద్విచక్ర వాహనాన్ని గుర్తు తెలియని వాహనం ఢీకొన్న ఘటనలో..." ఇంతే.

ఆ నాలుగు లైన్ల వార్తే సామాన్యుడు చెయ్యి పెట్టగలిగిన చోటు. పెద్ద దుర్ఘటన మీద కమిటీలు, కోర్టులు, మంత్రులు ఉంటారు. ఊరి మలుపులో మూడేళ్లలో ఏడుగురు పోతే, అది ఏడు వేర్వేరు తలరాతలుగా మిగులుతుంది. ఆ ఏడింటినీ ఒక కాగితం మీద పక్కపక్కన పెట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

వార్తలో ఉండని గొలుసు

చిన్నటేకూరునే తీసుకుందాం. బస్సు రాకముందే అక్కడ ఒక బైక్ ప్రమాదం జరిగింది. బైక్ రోడ్డు మీదే పడి ఉంది. బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, కొందరు కిటికీ అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డారు. అదే 44వ నంబరు రహదారి మీద 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోతే 45 మంది పోయారు. పన్నెండేళ్ల తేడాతో దాదాపు అదే కథ.

గొలుసులోని ఒక్కో లింకునూ విడదీసి చూస్తే పని కనిపిస్తుంది. రోడ్డు మీద పడిపోయిన బండి గురించి వెనక వచ్చేవాళ్లకు ఎలా తెలుస్తుంది? బస్సులో అత్యవసర ద్వారం ఎక్కడుందో ఎంతమందికి తెలుసు? అద్దం పగలగొట్టే సుత్తి దాని స్థానంలో ఉందా? రాత్రి బస్సు ఎక్కగానే ఈ రెండూ చూసుకోవడానికి ఒక నిమిషం చాలు. వెనక ద్వారానికి అడ్డంగా పార్శిళ్లు పేర్చి ఉంటే ఫొటో తీసి రవాణా శాఖకు పంపొచ్చు. బస్సు బయలుదేరకముందు అడిగితే డ్రైవర్లు చాలాసార్లు తీయిస్తారు, బయలుదేరాక అడిగితే ఎవరూ వినరు.

ప్రమాద వార్త చదివేటప్పుడు అందులో లేని నాలుగు సంగతులు వెతకడం అలవాటు చేసుకోవాలి: వెలుతురు ఉందా, రోడ్డు అంచు ఎలా ఉంది, హెల్మెట్ లేదా సీటు బెల్టు పెట్టుకున్నారా, ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది. ఇవి వార్తలో ఎందుకుండవంటే, విలేకరికి అందేది ఎఫ్ఐఆర్ సారాంశం, అందులో ఉండేది ఎక్కువగా "అతివేగం, అజాగ్రత్త". 2022 మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే వేశారు. వేగం నిజంగానే పెద్ద కారణం. కానీ కాగితం మీద ఆ మాట రాశాక మలుపులో బోర్డు లేకపోవడం, డివైడర్ మొదలయ్యే చోట రంగు వెలిసిపోవడం, రోడ్డు పక్కన లారీ లైట్లు లేకుండా ఆగి ఉండడం కనబడకుండా పోతాయి. తప్పంతా డ్రైవర్‌దే అని తేల్చేసుకోవడం మనకూ సుఖంగానే ఉంటుంది, ఇక చేయాల్సింది ఏమీ ఉండదు కాబట్టి.

తగ్గిన చోట్లు ఉన్నాయి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2021లో రోడ్డు మరణాలు 11.9 లక్షలు. 2010తో పోలిస్తే 5 శాతం తక్కువ. ఆ మధ్యకాలంలో ప్రపంచంలో వాహనాలు రెట్టింపుకు మించాయి. చిన్న శాతంలా కనిపించినా, ఏమీ చేయకపోతే పెరగాల్సిన సంఖ్య తగ్గిందన్నమాట.

మన దగ్గరి ఉదాహరణ ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే. 2016లో ఆ 94 కిలోమీటర్ల మీద 151 మంది చనిపోయారు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, మహారాష్ట్ర రోడ్డు అభివృద్ధి సంస్థ, పోలీసులు కలిసి ఒక్కో ప్రమాద స్థలాన్నీ నడిచి చూశారు. క్రాష్ బారియర్‌లో ఖాళీలు పూడ్చారు, బండి గుద్దుకుంటే ప్రాణం తీసే కాంక్రీటు దిమ్మలకు రక్షణ పెట్టారు, అంచున ఆగే లారీల మీద కన్నేశారు, అంబులెన్స్ చేరే సమయం తగ్గించారు. 2020కి మరణాలు 66కు దిగాయి. కొవిడ్ ఏడాది కాబట్టి ఆ ఒక్క అంకెను పూర్తిగా నమ్మక్కర్లేదు, కానీ 2019కే అవి వందలోపుకు వచ్చేశాయి.

ఆ ఫౌండేషన్ పుట్టుకే ఈ వ్యాసానికి దగ్గరి సంగతి. 2007లో దిల్లీలో పీయూష్ తివారీ బంధువైన కుర్రాడు ప్రమాదంలో పోయాడు, చుట్టూ జనం ఉండీ ఎవరూ చెయ్యి వేయలేదు. 2008లో తివారీ ఆ సంస్థ మొదలుపెట్టారు. చెయ్యి వేస్తే పోలీసులు, కోర్టులు తిప్పుతారన్న భయమే అడ్డమని తేలాక 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మే నెలలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2016 మార్చి 30న కోర్టు వాటికి చట్టం బలం కల్పించింది, 2019 మోటారు వాహన చట్ట సవరణలో 134ఏ సెక్షన్‌గా చేరింది. మొత్తం పన్నెండేళ్ల పని. మధ్యలో ఏ ఒక్క ఏడాది చూసినా "ఏం సాధించారు" అని అడిగితే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

రోడ్డు మీద ఆగినప్పుడు

ఆ చట్టం ఇప్పుడు చెప్పేది సూటిగానే ఉంది. గాయపడినవాళ్లకు సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతం చేయకూడదు. సాక్షిగా ఉండాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. తొలి గంటలో తీవ్ర గాయాలైనవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతి మొదట 5,000 రూపాయలు, 2025లో 25,000కు పెంచారు. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా వైద్యం దొరుకుతుంది. "డబ్బులు ఎవరు కడతారు" అన్న ప్రశ్న ఆసుపత్రి గేటు దగ్గర వచ్చినప్పుడు ఈ సంగతి తెలిసి ఉండడం పనికొస్తుంది.

ఆగాక మొదటి పని గాయపడినవాళ్ల దగ్గరకు పరుగెత్తడం కాదు, వెనక వచ్చే బండ్లను హెచ్చరించడం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. డ్రైవర్ చూసి బ్రేక్ తొక్కేలోపు రెండు సెకన్లనుకుంటే 44 మీటర్లు, పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 40. కాబట్టి 20 మీటర్ల వెనక పెట్టిన ఎర్ర త్రికోణం దాదాపు దండగ. 100 మీటర్లు వెనక్కి నడిచి పెట్టాలి, వానలో ఇంకా దూరం. త్రికోణం లేకపోతే రోడ్డు అంచున నిలబడి ఫోన్ లైటు ఊపినా మేలే, లేన్ మధ్యలో మాత్రం నిలబడకూడదు. కొమ్మలు, రాళ్లు పెట్టడం లారీవాళ్ల పాత పద్ధతి. కొమ్మ పర్లేదు. రాయిని తర్వాత ఎవరూ తీయరు, ఆ రాత్రే ఇంకో బైక్ దాని మీద పడుతుంది.

తర్వాత 108కి ఫోన్. ఈ సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. కాల్‌లో ఎక్కువ సమయం చోటు చెప్పడంలోనే పోతుంది. "టోల్‌గేట్ దాటాక" అంటే చాలదు. కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరు వైపు వెళ్లే లేన్, ఎంతమందికి దెబ్బలు, ఎవరైనా బండిలో ఇరుక్కున్నారా అన్నవి చెప్పాలి. నాలుగు లేన్ల రోడ్డు మీద దిశ తప్పు చెబితే అంబులెన్స్ అవతలి వైపు వచ్చి, యూటర్న్ కోసం కిలోమీటర్లు పోవాల్సి వస్తుంది. జాతీయ రహదారి అయితే 1033కు కూడా చెబితే క్రేన్, పెట్రోలింగ్ బండి వస్తాయి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. "ఆగిందా" అని ఎత్తి చూస్తే గడ్డకట్టడం మొదలైన రక్తం మళ్లీ కారుతుంది. గుడ్డ తడిస్తే తీయకుండా పైన ఇంకోటి వేసి నొక్కాలి. నీళ్లు తాగించకూడదు: స్పృహ సరిగా లేనివాళ్లకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వస్తే ఇబ్బంది. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయొద్దు, మెడ కదులుతుంది. చేతులు, కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో మడిచి కూర్చోబెట్టడం మన దగ్గర అందరూ చేసే పనే, వెన్నెముక దెబ్బ తిన్నవాడికి దానివల్ల నడుము కింద చలనం పోవచ్చు. మంటలు, డీజిల్ కారడం లాంటి ప్రమాదం లేకపోతే అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉంచడం మంచిది. ఊపిరి పూర్తిగా ఆగిపోతే మాత్రం ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఇది చదివి వచ్చే విద్య కాదు, ఒక్క పూట బొమ్మ మీద నేర్చుకోవాలి.

హెల్మెట్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఇంట్లో రెండో హెల్మెట్ ఉండాలి, పట్టీ బిగించాలి. పట్టీ లేని హెల్మెట్ తల కంటే ముందే నేల మీద పడుతుంది.

ఒక మలుపును పట్టుకోవడం

ఇక అసలు పని. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల పరిధిలో గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో మరణాలు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు అయిదు జరిగినా, మొత్తం పదిమంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. ఆ ముద్ర పడితే సరిచేయాల్సిన బాధ్యత రోడ్డు యజమాని మీద పడుతుంది. లెక్క ఎవరూ తీయకపోతే ముద్ర పడదు.

లెక్క పోలీసుల దగ్గర ఉంటుంది. జిల్లా పోలీసు కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. రుసుము జిల్లా స్థాయిలో 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ఫలానా స్టేషన్ పరిధిలో, ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరి దాకా, గత మూడేళ్లలో జరిగిన రోడ్డు ప్రమాదాల తేదీ, సమయం, స్థలం, వాహనాల రకం, మృతుల సంఖ్య, గాయపడినవాళ్ల సంఖ్య పట్టికగా ఇవ్వమని అడగాలి. ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, పేర్లు, ఎఫ్ఐఆర్ నకళ్లు అడగడం. వ్యక్తిగత సమాచారమనో, దర్యాప్తులో ఉందనో తిరస్కరించడానికి దారి దొరుకుతుంది. రెండోది సెక్షన్లు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యంతో మరణానికి పాత 304ఏ పోయి 106(1) వచ్చింది, తీవ్ర గాయానికి పాత 338 పోయి 125(బి) వచ్చింది. ఒక్క పాత సెక్షనే రాస్తే సగం పట్టికే వస్తుంది.

జవాబుకు 30 రోజులు. రాకపోతే, లేదా అరకొరగా వస్తే, 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలామంది మొదటి అప్పీలు దగ్గరే వదిలేస్తారు. తప్పు ఆఫీసుకు పెట్టినా కంగారు అక్కర్లేదు, అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు పంపడం 6(3) సెక్షన్ ప్రకారం వాళ్ల బాధ్యత.

పట్టిక వచ్చాక రోడ్డు దగ్గరకు వెళ్లాలి. ప్రమాదాలు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య జరిగితే అదే వేళ వెళ్లాలి. పగలు పదకొండింటికి వెళ్లి "రోడ్డు బాగానే ఉందే" అనే అధికారులకు కొదవ లేదు. వేగం కొలవడానికి రాడార్ గన్ అక్కర్లేదు. రోడ్డు పక్కన టేపుతో 100 మీటర్లు కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టుకుని ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో చూస్తే సరి. 6 సెకన్లు పడితే గంటకు 60 కిలోమీటర్లు, 4.5 అయితే 80, 3.6 అయితే 100. పది ఇరవై బండ్లు చాలవు, ఎదురు ట్రాఫిక్ అడ్డం లేని వంద బండ్లు కావాలి. వాటిని తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి 85వ అంకె చూడాలి, ఇంజినీర్లు వాడే కొలమానం అదే. కొలిచేవాళ్లు మెరిసే జాకెట్లు వేసుకుని రోడ్డు పక్కన కనబడితే పోలీసులనుకుని అందరూ నెమ్మదిస్తారు, ఆ రోజు కొలత పనికిరాదు.

రోడ్డు ఎవరిదో తేల్చుకోవడం తర్వాతి పని. కిలోమీటరు రాయి తల పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నలుపు అయితే జిల్లా రోడ్డు, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. జాతీయ రహదారిలోనూ కొంత జాతీయ రహదారుల సంస్థ చూస్తుంది, కొంత ఆర్ అండ్ బీలోని విభాగం చూస్తుంది. ఇది తెలియకుండా ఇచ్చిన వినతిపత్రం ఏడాదంతా ఈ గడప నుంచి ఆ గడపకు తిరుగుతుంది.

ఏం అడగాలన్నదే అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన విషయం. ప్రమాదం జరగ్గానే ఊరివాళ్లు రాస్తారోకో చేసి అడిగేది స్పీడ్ బ్రేకర్. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు వేయకూడదన్నది కేంద్రం విధానం కాబట్టి ఆ కోరిక నిలవదు. మిగతా రోడ్ల మీద ప్రమాణం ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, ముందు హెచ్చరిక బోర్డు, మీద తెల్ల చారలు. ఊళ్లో చందా వేసుకుని రాత్రికి రాత్రి పోసే కాంక్రీటు దిమ్మకు అడుగు వెడల్పే ఉంటుంది, రంగు ఉండదు. చీకట్లో దాని మీద ఎగిరిపడి చనిపోయేది కూడా ఆ చుట్టుపక్కల ఊళ్ల బైకువాళ్లే. దానికి బదులు పక్క రోడ్డు ప్రధాన రహదారిలో కలిసే చోట, ఆ పక్క రోడ్డు మీద బ్రేకర్ అడగొచ్చు. ప్రధాన రోడ్డు మీద రంబుల్ స్ట్రిప్స్ (బండి గడగడలాడేలా రోడ్డుకు అడ్డంగా వేసే సన్నని చారలు), మలుపు బాణం గుర్తులు, రోడ్డు మీద మెరిసే స్టడ్లు, బోర్డును కప్పేసిన కొమ్మలు కొట్టేయడం, ఒక హైమాస్ట్ లైటు అడగొచ్చు. డివైడర్‌లో అక్రమంగా తెరిచిన దారి మూయమని అడిగేటప్పుడు అవతలి పొలాలకు జనం ఎలా వెళ్తారో కూడా రాయాలి. లేకపోతే మూసిన మర్నాటి నుంచి అందరూ రాంగ్ రూట్‌లో వస్తారు, ప్రమాదం చోటు మార్చుకుంటుంది.

వినతిపత్రం ఒక్క పేజీ దాటకూడదు. పైన కిలోమీటరు అంకె, పోలీసు పట్టిక సారాంశం, వేగం కొలత, రాత్రి తీసిన రెండు ఫొటోలు, కింద రెండు లేదా మూడు కోరికలు. పది కోరికలు రాస్తే అన్నిటికంటే తేలికైనది చేసి ఫైలు మూస్తారు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, పోలీసు, రవాణా, ఇంజినీరింగ్ శాఖలన్నీ అందులో ఉంటాయి కాబట్టి దాని ఎజెండాలో పెట్టమని రాయడం మేలు. సోమవారం తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక (పీజీఆర్ఎస్)లో ఇస్తే నమోదు సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య లేకపోతే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు. 2019 సవరణలోని 198ఏ సెక్షన్ ప్రకారం రోడ్డు రూపకల్పన, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణం సంభవిస్తే సంబంధిత సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. మొదటి పత్రంలోనే ఈ బెదిరింపు రాస్తే ఇంజినీరు న్యాయ సలహా కోసం ఫైలు పక్కన పెడతాడు, రెండో పత్రానికి దాచుకోవడం మంచిది.

పని జరిగాక

రంబుల్ స్ట్రిప్స్ అరిగిపోతాయి, ఇనుప బోర్డులు పాత సామాన్ల కొట్టుకు చేరతాయి, లైటు కరెంటు బిల్లు పంచాయతీ కట్టాలా శాఖ కట్టాలా అన్న తగువులో ఆరిపోతుంది.   తగ్గుదల ఒకసారి సాధించి పక్కన పెట్టే విషయం కాదు.

ఫలితం లెక్కపెట్టేటప్పుడు ఒక మెలిక ఉంది. ఏదైనా చోట ఒక ఏడాది మరీ ఎక్కువ ప్రమాదాలు జరిగితే, ఏమీ చేయకపోయినా తర్వాతి ఏడాది కొంత తగ్గడం మామూలే. కాబట్టి బోర్డు పెట్టిన ఆరు నెలలకే విజయం ప్రకటించకుండా, పనికి ముందు మూడేళ్లు, తర్వాత కనీసం రెండేళ్లు పోల్చాలి. మరణాలు తక్కువ సంఖ్యలో ఉండే చిన్న మలుపుల్లో వేగం కొలతే నమ్మకమైన సూచిక: అదే చోట, అదే వేళ, మళ్లీ వంద బండ్లు. సగటు వేగం ఒక శాతం తగ్గితే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు నాలుగు శాతం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 72 ఉన్నది 65కు వస్తే మార్పు మొదలైనట్టే.

ఇదంతా ఒక్కరు చేస్తే ఆర్నెల్లలో అలసిపోతారు. ముగ్గురు నలుగురు చాలు: కాగితాలు రాయగలిగినవాళ్లు ఒకరు, ఆ రోడ్డు మీద రోజూ తిరిగే ఆటో డ్రైవరో పాలవాడో ఒకరు, కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు. జనవరి నెలలో పోలీసు పట్టిక కోసం కొత్త దరఖాస్తు, వానాకాలం ముందు రాత్రి పూట ఒకసారి బోర్డులు, లైట్లు, స్టడ్లు చూడడం, కమిటీ సమావేశం తర్వాత మినిట్స్ నకలు అడగడం. ఏడాదికి మొత్తం నాలుగైదు రోజుల పని.